1.6 వెనకాల ఉన్న మనిషి

ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్ వైవాలో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రయోగం దగ్గర నా రికార్డులో హిస్టెరిసిస్ నష్టం ఫార్ములా ఉంది. అందులో బి అనే అక్షరం మీద 1.6 అని ఒక పవర్ ఉంది. ఆ 1.6 ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని అడిగారు. ఆ పేజీ నేను పక్కవాడి రికార్డు చూసి రాశాను. వాడు సీనియర్ రికార్డు చూసి రాశాడు. 2 అయితే స్క్వేర్, 3 అయితే క్యూబ్ అని ఏదో ఒకటి చెప్పేదాన్ని. 1.6 ఏంటి? సీఎస్‌ఈ వాళ్లకి ఇవన్నీ ఎందుకులే అనుకుని, తెలీదు సార్ అని చెప్పి బయటికొచ్చేశా.

ఆ వారం ఇంటికెళ్లాను. మాది గాజువాక వైపు. మా వీధి చివర రెండు స్తంభాల మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రాత్రి లారీల చప్పుడు తగ్గాక దాని మూలుగు మా డాబా మీదకి కూడా వినిపిస్తుంది. మా తాతయ్య కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను రెండో క్లాసో మూడో క్లాసో. చెట్లూ స్తంభాలూ కలిసి పడిపోయాయి, చాలా రోజులు ఊరంతా చీకటి. మళ్లీ కరెంటు వచ్చిన రోజు బల్బు వెలగడం కంటే ముందు తాతయ్య ఆ మూలుగు విని లేచి కూర్చున్నారట. మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వైవా సంగతి తాతయ్యకి చెప్పాను. ఫార్ములా ఆయనకి తెలీదు, కానీ విషయం తెలుసు. దున్నినా దున్నకపోయినా ఎద్దుకి మేత తప్పదు కదా, ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంతేనన్నారు. అర్ధరాత్రి వీధిలో అందరూ లైట్లు ఆర్పేసి పడుకున్నా, అది లైనుకి తగిలించి ఉన్నంతసేపు లోపలి ఇనుము కొంత కరెంటు తింటూనే ఉంటుంది. ఏ ఇంటి మీటర్లోనూ అది కనపడదు.

ఆ మేత ఎంతో మొదటిసారి లెక్క కట్టినాయన గురించే ఈ వ్యాసం. ఆయన పేరు చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్. ఆయన చనిపోయి వందేళ్లు దాటింది.

1865 ఏప్రిల్ 9న బ్రెస్లావ్ అనే ఊళ్లో పుట్టారు. అప్పుడది ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు వ్రోత్స్వాఫ్. ఇంట్లో పెట్టిన పేరు కార్ల్ ఆగస్ట్ రుడాల్ఫ్. నాన్న రైల్వేలో ఉద్యోగి. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే అమ్మ చనిపోయింది. పెంచింది నాన్నమ్మ. పుట్టుకతోనే వెన్నెముక వంగి ఉంది, అంటే గూని. అది వాళ్ల వంశంలోనే ఉంది. తాతకీ ఉండేది, నాన్నకీ ఉండేది. పెద్దయ్యాక కూడా ఎత్తు నాలుగు అడుగులకి కాస్త అటూ ఇటూ.

చదువులో మాత్రం ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. బ్రెస్లావ్ యూనివర్సిటీలో మ్యాథ్స్, ఫిజిక్స్, ఆస్ట్రానమీ చదివారు. అక్కడ స్నేహితులు ఆయనకి ప్రోటియస్ అని ముద్దుపేరు పెట్టారు. గ్రీకు కథల్లో ప్రోటియస్ ఒక ముసలి సముద్ర దేవుడు. ఎన్ని రూపాలైనా మార్చగలడు. గట్టిగా పట్టుకుని వదలకుండా ఉంటే మాత్రం లోకంలోని రహస్యాలు చెప్పేస్తాడు. ఆటపట్టించడానికి పెట్టిన పేరైనా ఆయనకి అది నచ్చింది.

ఆ స్నేహితులతోనే సోషలిస్టు రాజకీయాల్లోకీ వెళ్లారు. అప్పట్లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం సోషలిస్టుల మీద చట్టం పెట్టింది. మీటింగులు నేరం, పత్రికలు నేరం. స్టైన్‌మెట్జ్ ఒక సోషలిస్టు పత్రిక పని చూస్తూ పోలీసుల కళ్లలో పడ్డారు. 1888లో డాక్టరేట్ థీసిస్ దాదాపు పూర్తయ్యాక, పట్టా చేతికి రాకుండానే, అరెస్టు కాకుండా దేశం దాటి జూరిక్ వెళ్లిపోయారు. నాన్ననీ ఊరినీ వదిలేసి వెళ్లారు. మనం బ్యాక్‌లాగ్ వస్తేనే లోకం మునిగిపోయిందనుకుంటాం. ఈయన చివరి మెట్టు దగ్గర మొత్తం చదువునే వదిలేసి పారిపోవాల్సి వచ్చింది.

జూరిక్‌లో ఆస్కార్ ఆస్ముస్సెన్ అనే రూమ్మేట్ దొరికాడు. అతను అమెరికా వెళ్తూ నువ్వు కూడా రా అన్నాడు. 1889లో ఇద్దరూ ఓడలో అన్నిటికంటే చవక టికెట్ మీద బయల్దేరి న్యూయార్క్ చేరారు. అప్పటికి ఎల్లిస్ ఐలాండ్ ఇంకా తెరవలేదు. వలస వచ్చిన వాళ్లని కాజిల్ గార్డెన్ అనే చోట దింపి పరీక్షించేవాళ్లు.

అక్కడి అధికారుల ముందు నిలబడింది ఎవరు? 24 ఏళ్ల కుర్రాడు, గూని, పొట్టి, చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు సరిగ్గా రాదు. పని చేసి బతకలేని వాళ్లని వెనక్కి పంపెయ్యడమే అక్కడి పద్ధతి. ఈయన్ని కూడా తిప్పి పంపబోయారు. ఆస్ముస్సెన్ ముందుకొచ్చి తన దగ్గరున్న డబ్బు చూపించి, ఇతని బాధ్యత నాది అని పూచీ పడ్డాడు. అప్పుడు వదిలారు.

మనది పోర్టు ఉన్న ఊరు కాబట్టి ఈ సీను నాకు బాగా కనిపిస్తుంది. ఓడలోంచి దిగినవాళ్లని వరసలో నిలబెట్టి, పైనుంచి కిందకి చూసి, పనికొస్తాడు, పనికిరాడు అని రెండు గుట్టలు వెయ్యడం. ఆ రోజు ఆ స్నేహితుడు పక్కన లేకపోతే స్టైన్‌మెట్జ్ రెండో గుట్టలో పడేవారు. మనిషి విలువ కొలవడానికి వాళ్ల దగ్గరున్న కొలబద్ద అదొక్కటే మరి.

అమెరికాలో ఆయన మొదటి ఉద్యోగం యాంకర్స్ అనే ఊళ్లో, రుడాల్ఫ్ ఐకమయర్ అనే ఆయన కంపెనీలో. ఐకమయర్ కూడా ఒకప్పుడు జర్మనీలో తిరుగుబాటు చేసి పారిపోయి వచ్చినవాడే. టోపీలు తయారుచేసే మెషీన్ల కంపెనీ పెట్టి, తర్వాత మోటార్లలోకి దిగాడు. స్టైన్‌మెట్జ్‌ని డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే బొమ్మలు గీసే ఉద్యోగిగా తీసుకున్నాడు. జీతం వారానికి 12 డాలర్లు. పేరు కూడా ఇక్కడే మారింది. కార్ల్ పోయి చార్లెస్ వచ్చింది, మధ్యలో కాలేజీ ముద్దుపేరు ప్రోటియస్ చేరింది.

అప్పటి పరిస్థితి ఎలా ఉండేదంటే, ఏసీ కరెంటు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తోంది. మోటారో ట్రాన్స్‌ఫార్మరో ముందు కట్టేవాళ్లు, తర్వాత ఆన్ చేసి చూసేవాళ్లు. వేడెక్కి కాలిపోతే మార్చి మళ్లీ కట్టేవాళ్లు. టెస్ట్ చెయ్యకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టి, క్రాష్ అయ్యాక డీబగ్ చేసినట్టు అన్నమాట. ఎంత వేడెక్కుతుందో ముందే చెప్పగల లెక్క ఎవరి దగ్గరా లేదు.

వేడి ఎందుకొస్తుందో ఇలా ఊహించుకోండి. ఇనుములో చిన్న చిన్న అయస్కాంతాల గుంపులు ఉంటాయి. ఏసీ కరెంటు దిశ మారినప్పుడల్లా అవి కూడా తలతిప్పాలి. సాయంత్రం రద్దీలో ఆర్టీసీ బస్సు కండక్టర్ ముందుకి జరగండి, మళ్లీ వెనక్కి జరగండి అని అరుస్తూనే ఉంటే లోపల జనం ఒకళ్లనొకళ్లు రాసుకుని చెమటలు కక్కుతారు కదా. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఆ రౌండు పూర్తి చేస్తుంది. ప్రతి రౌండులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ఇనుము మారడానికి ఇలా వెనకబడటాన్నే హిస్టెరిసిస్ అంటారు. ఆ పేరు పెట్టింది యూయింగ్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త. రకరకాల ఇనుముల మీద ఆయన కొలిచిన అంకెలు అప్పటికే అచ్చులో ఉన్నాయి.

ఒక ఏసీ మోటారు డిజైన్ చెయ్యాల్సి వచ్చి స్టైన్‌మెట్జ్ ఆ అంకెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. అయస్కాంత బలం పెరుగుతుంటే నష్టం ఏ లెక్కన పెరుగుతోంది? అంకెలన్నీ ఒక గీత మీదకి వచ్చాయి. బలానికి 1.6 పవర్ వేస్తే నష్టం వస్తోంది. ఒక్కో రకం ఇనుముకి ఒక్కో గుణకం, పవర్ మాత్రం అదే. తర్వాత తనే సొంతంగా బోలెడు నమూనాలు కొలిచి సరిచూసుకున్నారు. 1892 జనవరిలో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆ పేపర్ చదివారు. అప్పటికి ఆయన వయసు 26. దేశంలో అడుగుపెట్టి మూడేళ్లు కూడా కాలేదు.

అంటే నా వైవా ప్రశ్నకి సమాధానం ఇదీ. 1.6 ఏ సిద్ధాంతం నుంచీ రాలేదు. డేటాలోంచి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే కర్వ్ ఫిట్టింగ్. మనం పైథాన్‌లో రెండు లైన్లతో చేసేదాన్ని ఆయన పెన్సిలుతో చేశారు. సీఎస్‌ఈ వాళ్లకి ఇవన్నీ ఎందుకులే అనుకున్నానని ముందే చెప్పాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఈ అంకె అర్థం ఏంటో కూడా చూడండి. ఇనుములో అయస్కాంత బలం రెట్టింపు చేస్తే నష్టం రెట్టింపు అవ్వదు, సుమారు మూడు రెట్లవుతుంది. కాబట్టి ఇనుము మిగుల్చుకుందామని కోర్ సన్నగా చేస్తే, ఆ మిగిలిన డబ్బు తర్వాత కరెంటు రూపంలో కారిపోతూనే ఉంటుంది. కట్టకముందే కాగితం మీద ఈ బేరం చూసుకోగలగడం అప్పటిదాకా లేదు. నష్టం ముందే తెలిస్తేనే దానికి ఒక హద్దు గీయగలం. ఈ రోజు ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యానికి ఉన్న ప్రమాణాలన్నిటికీ పునాది ఈ పని దగ్గరే పడింది అని నాకనిపిస్తుంది.

తర్వాత ఆయన జీవితం వేగం అందుకుంది. కొత్తగా పుట్టిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఐకమయర్ కంపెనీని కొనేసింది. దాంతో స్టైన్‌మెట్జ్ కూడా అటు వెళ్లారు. 1894 నుంచి స్కెనెక్టడీ అనే ఊళ్లో స్థిరపడి, చివరిదాకా అక్కడే ఉన్నారు. 1893లో చికాగోలో జరిగిన ఎలక్ట్రికల్ మహాసభలో ఆయన ఇంకో పెద్ద పని చేశారు. ఏసీ లెక్కలంటే అప్పటిదాకా పేజీల కొద్దీ కాలిక్యులస్. ఆయన కాంప్లెక్స్ నంబర్లు తెచ్చి వాటిని మామూలు ఆల్జీబ్రాగా మార్చి చూపించారు. పైథాన్‌లో కాంప్లెక్స్ నంబరుకి ఐ బదులు జె ఎందుకు రాస్తామా అని ఎప్పుడైనా అనుకున్నారా? అది ఎలక్ట్రికల్ వాళ్ల అలవాటు. ఆయన కూడా జె అనే రాశారు.

1901లో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘానికి ప్రెసిడెంట్ అయ్యారు. 1902 నుంచి యూనియన్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పాఠాలు కూడా చెప్పారు. జర్మనీలో చేతికందకుండా పోయిన డాక్టరేట్ అక్కడ గౌరవంగా వచ్చింది. ఆయన పేరు మీద సుమారు రెండు వందల పేటెంట్లున్నాయి.

ఆయన గురించి ఒక కథ వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. మెషీన్ మీద సుద్దముక్కతో ఒక గీత గీసి వేల డాలర్ల బిల్లు వేశారని. నేనా కథ ఇక్కడ చెప్పట్లేదు. అది ఒక గీత కథ, ఆయన అసలు పని వందల కొలతల కథ. ఓపిక గురించి ఫార్వర్డ్‌లు రావు కదా.

ఇల్లు మాత్రం చాలాకాలం ఖాళీగా ఉండేది. తన గూని పిల్లలకీ వస్తుందేమోనని ఆయన పెళ్లి చేసుకోలేదు. మనుషులకి బదులు ఇంటినిండా మొక్కలూ జంతువులూ. గాజు గదిలో కాక్టస్‌లు, ఆర్కిడ్లు, చెరువులో మొసళ్ల జాతి ఆలిగేటర్లు. జోసెఫ్ హేడెన్ అనే కుర్ర అసిస్టెంట్ ఉండేవాడు. అతనికి పెళ్లయ్యాక, భార్యతో సహా వచ్చి నా ఇంట్లోనే ఉండండి అని అడిగారు. వాళ్లు వచ్చారు. హేడెన్‌ని చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. వాళ్లకి ముగ్గురు పిల్లలు పుట్టారు. పెళ్లి కాని మనిషి అలా తాతయ్య అయిపోయారు. ఆ పిల్లలకి కథలు చెప్పడం, ల్యాబ్‌లో గమ్మత్తులు చేసి చూపించడం ఆయనకి చాలా ఇష్టంగా ఉండేది.

రాజకీయం కూడా వదల్లేదు. 1911లో స్కెనెక్టడీకి సోషలిస్టు మేయర్ ఎన్నికయ్యాక స్టైన్‌మెట్జ్ ఊరి విద్యా బోర్డుకి అధ్యక్షుడయ్యారు. కొత్త బడులు కట్టించడం, పేద పిల్లల, వలస కుటుంబాల పిల్లల చదువు చూడటం ఆయన పట్టించుకున్న పనులు. ఒకవైపు దేశంలోకెల్లా పెద్ద కంపెనీల్లో ఒకదానికి పని చేస్తూ, ఇంకోవైపు సోషలిస్టుగా ఉండటం ఎలా కుదిరిందో నాకు పూర్తిగా అర్థం కాలేదు. పెద్ద కంపెనీలే ఒక క్రమం నేర్పి చివరికి సమాజం చేతికి వస్తాయని ఆయన నమ్మి, దాని మీద 1916లో ఒక పుస్తకం కూడా రాశారు. ఈ విషయంలో ఆయన లెక్క తప్పిందని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అయినా నమ్మినదాన్ని దాచుకోలేదు.

చివరి ఏళ్లలో పిడుగుల మీద పడ్డారు. ఆయన నది ఒడ్డు కుటీరం మీద ఒకసారి పిడుగు పడి అద్దం ముక్కలైంది. ఆ ముక్కలన్నీ ఏరి, మళ్లీ అతికించి, పిడుగు ఏ దారిన వెళ్లిందో చూశారు. 1922లో ల్యాబ్‌లోనే 1,20,000 వోల్టులతో కృత్రిమ పిడుగు పుట్టించి చూపించారు. లైన్లని పిడుగుల నుంచి కాపాడే అరెస్టర్లని పరీక్షించడం అసలు ఉద్దేశం. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పైన దొంతరగా పేర్చిన గిన్నెల్లా కనిపించేవాటిలో ఆ అరెస్టర్లు కూడా ఉంటాయి. తాతయ్య చూపిస్తే గానీ నాకూ తెలీలేదు.

1923 అక్టోబర్ 26న, హేడెన్ కుటుంబంతో కలిసి దూర ప్రయాణం చేసి ఇంటికొచ్చిన కొద్ది రోజులకి, పొద్దున్న మంచం మీదే గుండె ఆగి చనిపోయారు. 58 ఏళ్లు.

ఇప్పుడు మళ్లీ మన ఊరికి వద్దాం. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా కరెంటు పంచే ఈపీడీసీఎల్ హెడ్డాఫీసు విశాఖలోనే ఉంది. హుద్‌హుద్ తర్వాత మన వీధి దీపాలు ఎల్‌ఈడీలుగా మారడం అందరం చూశాం. కానీ ఆ దీపానికి కరెంటు తెచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత తింటోందో ఎవరం చూడం. ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెడతాం. ట్రాన్స్‌ఫార్మర్లకి కూడా స్టార్లున్నాయని, 2010 నుంచి మన దేశంలో అవి తప్పనిసరి అయ్యాయని మీలో ఎంతమందికి తెలుసు?

2014లో వచ్చిన భారతీయ ప్రమాణం, ఐఎస్ 1180, ఒక్కో సైజుకి మూడు లెవెల్స్ పెట్టింది. మన వీధుల్లో కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. లెవెల్ 1 అయితే సగం లోడ్ దగ్గర మొత్తం నష్టం 520 వాట్లు, ఫుల్ లోడ్ దగ్గర 1800 వాట్లు దాటకూడదు. లెవెల్ 3 అయితే 435, 1500. సగం లోడ్ దగ్గర తేడా 85 వాట్లే. ఒక పాత ఫ్యాన్ అంత. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆదివారం లేదు, రాత్రి లేదు. ఏడాదికి 8760 గంటలు. ఏడాదంతా సగం లోడ్ మీద ఉందనుకుంటే ఒక్కదాని దగ్గరే తేడా సుమారు 745 యూనిట్లు. అలాంటివి మీ కాలనీలో ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడండి.

ఈ నష్టంలో తీగల వేడి కూడా ఉంది. అది లోడుతో పాటు పెరిగి, లోడుతో పాటు తగ్గుతుంది. రాత్రీ పగలూ తగ్గకుండా ఉండేది మాత్రం ఇనుము మేతే. దాన్ని తగ్గించాలంటే ఇనుమే మారాలి. మనది ఉక్కు నగరమే గానీ మన ప్లాంటు ఎక్కువగా చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కి కావాల్సింది సిలికాన్ కలిపి, స్ఫటికాలన్నీ ఒకే వైపు ఉండేలా చల్లగా రోల్ చేసిన వేరే రకం పల్చటి ఉక్కు రేకు. ఇంకా కొత్తగా, గాజులాగా స్ఫటికాలే లేని అమార్ఫస్ లోహపు కోర్లు వచ్చాయి. వాటి మేత మరీ తక్కువ. ఈ కొత్త లోహాలకి పవర్ సరిగ్గా 1.6 రాదు, అంకె మారుతుంది. కానీ సమీకరణం పేరు ఇప్పటికీ స్టైన్‌మెట్జ్ సమీకరణమే. మీరు ఇది చదువుతున్న ల్యాప్‌టాప్ ఛార్జర్‌లోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌ని డిజైన్ చేసినవాళ్లూ అదే వాడతారు.

రేవులో ఒక చూపుతో ఆ కుర్రాడిని పనికిరాడనుకున్నారు. కంటికి కనపడని నష్టాన్ని మాత్రం ఆ కుర్రాడు చూపుతో తేల్చలేదు, కొలిచి చెప్పాడు. నేను వైవాలో చేసింది ఆ అధికారుల పనే. ఒక అంకెని చూసి నాకు పనికిరాదులే అని పక్కకి నెట్టేశా.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు రాత్రి డాబా మీద తాతయ్య పక్కన పడుకుని ఆ మూలుగు విన్నాను. వైవా మళ్లీ పెడితే ఇప్పుడు చెప్పగలనని తాతయ్యతో అన్నాను. ఆయన అప్పటికే నిద్రపోయారు. వీధి చివర మాత్రం అది మేస్తూనే ఉంది.